మార్తమ్మ తెలుపు

తాడేపల్లిగూడెంలో స్టేషను నుంచి కూరల మార్కెట్టుకి వెళ్ళే దారిలో ఒకే షట్టరు కింద రెండు కొట్లుండేవి. ఎడంవైపు సగం మార్తమ్మ మేచింగ్ సెంటరు. కుడివైపు సగం ఆమె భర్త ఆనంద్ పాల్ ఫొటో స్టూడియో. మధ్యన ఒక ప్లైవుడ్ చెక్క. అటు ఫ్లాషు వెలిగిందంటే ఇటు జాకెట్టు ముక్కలన్నీ ఒక్కసారి ఉలిక్కిపడేవి.

మార్తమ్మ దగ్గరికి చీర పట్టుకొచ్చినవాళ్ళు మడత విప్పక్కర్లేదు. సంచీలోంచి అంచు కాస్త బయటికి లాగితే చాలు. వెనక్కి తిరిగి, నేల నుంచి కప్పుదాకా పేర్చిన తానుల్లోంచి ఒకటి లాగి బల్ల మీద పడేసేది. అది కలిసేది. "వీధిలోకి పట్టుకెళ్ళి ఎండలో చూసుకుంటానండీ" అని ఎవరైనా నసిగితే, "చూసుకోండమ్మా. తేడా ఉంటే ఎండని అడగండి, నన్ను కాదు" అనేది. ముక్క కలవలేదని వెనక్కి తెచ్చినవాళ్ళు ఆ కొట్టుకి లేరు. ఆ గర్వం ఆమెకి ఉండేది. దాచుకునేదీ కాదు.

ఇంకో గర్వం ఆదివారాలది. ఉంగుటూరు అవతల కాలవ గట్టు మీద ఆమె మెట్టినూరి చర్చిలో అంతమంది ఆడవాళ్ళ మధ్యన ఆమె చీరంత తెల్లని చీర ఇంకోటి కనపడేది కాదు. నీలిమందు ఎక్కువైతే మరకలు కడుతుంది, తక్కువైతే బట్ట పసుపు పారుతుంది. బకెట్టులో చెయ్యి ముంచితే అరచేతి గీతలు కనపడీ కనపడకుండా ఉండాలి. అప్పుడు ముంచాలి చీర. ఈ కిటుకు వాళ్ళ అత్తగారు నేర్పింది. అడిగిన వాళ్ళందరికీ మార్తమ్మ చెప్పేది. చెప్పినా ఎవరికీ కుదిరేది కాదు. అది ఇంకాస్త గర్వం.

ఈ రెండు గర్వాలూ రెండువేల ఎనిమిదిలో ఒకదాన్నొకటి ఢీకొన్నాయి. మధ్యలో ఒక కెమెరా వచ్చి.

ఆ కెమెరాని ఆనంద్ పాల్ అంతకుముందేడు విజయవాడలో కొన్నాడు. ఎవరో వాడలేక వదిలించుకున్నది. గూడెంలో గానీ ఏలూరులో గానీ పెళ్ళిళ్ళు తీసేవాళ్ళెవరి దగ్గరా అలాంటిది లేదు. లేకపోడానికి కారణాలున్నాయి. చీకటి పడితే పనికిరాదు. ఒకసారి నొక్కితే ఆ ఫొటో కార్డులోకి దిగేలోపు పెళ్ళికొడుకు రెండో ముడి వేసేస్తాడు. వీటన్నిటికంటే పెద్ద తిప్పలు దాని రా ఫైలుతో. రా ఫైలంటే కెమెరా వండకుండా ఇచ్చేది. బియ్యం ఇస్తుంది, అన్నం మనం వండుకోవాలి. వండేది కంప్యూటర్లో సాఫ్ట్‌వేరు. ఈ కెమెరా బియ్యాన్ని అందరి దగ్గరా ఉన్న సాఫ్ట్‌వేర్లు వండలేకపోయేవి. కొన్నిటికి తెరుచుకునేదే కాదు. తెరిచినవి ముద్ద చేసేవి.

ఏలూరు పవర్‌పేటలో కలర్ ల్యాబు నడిపే కృష్ణచైతన్య ఒకరోజు ఆ ఫైలు తెరిచి కుర్చీ వెనక్కి జరిపాడు.

"పాల్‌గారూ, మీరు పెళ్ళికూతుర్ని తీశారా, గుర్రపుడెక్కని తీశారా అండీ?"

"పెళ్ళికూతుర్నేనయ్యా."

"అయితే కొల్లేట్లో నానబెట్టి తీశారు."

ల్యాబులో కుర్రాళ్ళు పగలబడి నవ్వారు. ఆనంద్ పాల్ కూడా నవ్వాడు. అతని నవ్వు ఎప్పుడూ ఒక్క మూతిలోనే ఉంటుంది. పక్కన నిలబడ్డ మార్తమ్మ మాత్రం నవ్వలేదు. తెర మీద ఆకుపచ్చగా మారిన మొహాన్ని ఆమె చూడట్లేదు. పెళ్ళికూతురి భుజం మీది చీరని చూస్తోంది.

"బాబూ, ఇది ఇంకొంచెం దగ్గరికి చెయ్యి."

చేశాడు.

"ఇంకా."

పడుగూ పేకా విడివిడిగా కనపడ్డాయి. నేతలో తెగి ముడేసిన ఒక పోగు కూడా కనపడింది. మార్తమ్మ తెరకి అంగుళం దూరంలో మొహం పెట్టింది. అదే పెళ్ళిలో చైతన్య మనిషి ఇంకో కెమెరాతో తీసిన ఫొటో పక్కన పెట్టమంది. మొహం బంగారంలా ఉంది. చీర మీద మాత్రం రంగురంగుల అలలు తేలుతున్నాయి.

"ఇవేంటి బాబూ, చీర మీద కిరసనాయిలు ఒలికినట్టు?"

"సన్నగళ్ళ చీరలకి అలాగే వస్తాయక్కా. ఎవరూ పట్టించుకోరు."

"నేను పట్టించుకుంటాను" అంది మార్తమ్మ.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆనంద్ పాల్ చెప్పాడు. మామూలుగా అతను బస్సెక్కితే గూడెం దాకా కిటికీలోంచి చూస్తూ కూచుంటాడు. ఆ రోజు నోరు తెరిచాడు.

"అందరి కెమెరాల్లోనూ సెన్సరు చదరంగం బల్ల లాంటిది మార్తా. ఒక గడి ఎరుపొక్కటే చూస్తుంది. పక్క గడి ఆకుపచ్చ, ఆ పక్కది నీలం. మిగతా రెండు రంగులూ ఇరుగూ పొరుగూ గళ్ళని అడిగి సాఫ్ట్‌వేరు ఊహించి రాస్తుంది. సన్నగళ్ళ చీర ఎదురైతే ఆ ఊహ తప్పుతుంది. నువ్వన్న కిరసనాయిలు అదే."

"మరి మీది?"

"మనది మూడు పొరలు. గళ్ళు లేవు, ఊహా లేదు. వెలుతురు లోపలికి దిగుతూ ఉంటే నీలం పై పొరలో ఆగుతుంది, ఆకుపచ్చ మధ్యలో, ఎరుపు అట్టడుగున."

బస్సు భీమడోలు దాటుతోంది. దూరంగా చేపల చెరువులు ఎండకి మెరుస్తున్నాయి. మార్తమ్మ పుట్టిల్లు కొల్లేటికోట. ఆమె తండ్రి ప్రభుదాసు చెరువుల మీదే బతికినవాడు.

"మా నాన్న చెరువు లాంటిదన్నమాట" అంది. "పైన బొచ్చె, మధ్యన శీలావతి, అడుగున మోసు."

ఆనంద్ పాల్ ఆమె వైపు తిరిగాడు. "అంతే" అన్నాడు.

"అయితే మీ తిప్పలు కూడా అందులోనే ఉన్నాయి. ఏ చేపా గీత గీసుకుని తిరగదండీ. పైన జల్లిన తవుడు బొచ్చె ఒక్కటే తింటుందా? శీలావతి పైకొస్తుంది. కిందికి జారింది మోసు ఏరుకుంటుంది. పట్టుబడి రోజున వల లాగితే అన్నీ కలిసే వస్తాయి. గట్టు మీద కూచుని ఏరుకోవాల్సిందే."

అతను చెప్పాల్సింది అదే. అతనికి చెప్పడం చేతగాక ఇన్నాళ్ళూ ఊరుకున్నాడు. పై పొరలో నీలంతోపాటు మిగతా రెండూ కొంత చిక్కుకుంటాయి. అడుగు పొరలోనూ అంతే. వలలో కలిసొచ్చిన రంగుల్ని సాఫ్ట్‌వేరు ఏరాలి. చదరంగం బల్లకి అలవాటుపడ్డ సాఫ్ట్‌వేర్లకి చేపలు ఏరడం రాదు.

దూరదేశంలో ఎవరో ఇలాంటి వింత కెమెరాల కోసం ఒక సాఫ్ట్‌వేరు రాసి ఊరికే ఇచ్చేశాడని ఆనంద్ పాల్ ఇంటర్నెట్ సెంటర్లో కూచుని కనిపెట్టాడు. దానికి బొమ్మలూ బటన్లూ లేవు. నల్లటి తెర మీద అక్షరాలు కొట్టాలి. అందులో తొమ్మిది అంకెలుంటాయి. ఎరుపు రావాలంటే ఏ పొరలోంచి ఎంత కలపాలి, ఏ పొరది ఎంత తీసేయాలి. ఆకుపచ్చకి ఎంత, నీలానికి ఎంత. ఆ అంకెలు మార్చుకునే హక్కు మనకే వదిలేశాడు ఆ మహానుభావుడు. ఇంకోటి కూడా మనకే వదిలేశాడు. ఫొటోలో తెల్లగా ఉన్నదేదో ముందు మనం చూపించాలి. ఇదీ తెలుపు అని చూపిస్తే, అక్కణ్ణుంచి మిగతా రంగులు లెక్క కడుతుంది.

ఇలా ఉండగా చర్చికి నూరేళ్ళొచ్చాయి.

చర్చి గోడ మీద యాభై ఏళ్ళప్పుడు తీయించిన ఫొటో ఒకటి ఉంది. నలుపూ తెలుపూ. సంఘం మొత్తం మెట్ల మీద నిలబడి ఉంటుంది. మూడో వరసలో మార్తమ్మ అత్తగారు, అప్పటికి కొత్త పెళ్ళికూతురు. ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఆ ఫొటో దగ్గర ఆగినప్పుడల్లా, "ఆ రోజు నా రవిక కనకాంబరం రంగే అమ్మాయ్" అనేది. ఫొటోలో ఆ రవిక బొగ్గులా ఉంటుంది. "అవునత్తయ్యా" అనేది మార్తమ్మ. అనేది గానీ, ఎంత చూసినా ఆ బొగ్గులోంచి కనకాంబరం పైకొచ్చేది కాదు.

అందుకే నూరేళ్ళ ఫొటోకి ఆమె ఒక మాట తెచ్చింది. ఊళ్ళో నాలుగు పేటలు. అందరూ ఎలాగూ తెల్ల చీరలే కడతారు. రవికలు మాత్రం పేటకో రంగు. మెరక పేటకి వంకాయ రంగు, కాలవ పేటకి నెమలికంఠం, కొత్త పేటకి మావిడిచిగురు, మార్తమ్మ వాళ్ళ పాత పేటకి కనకాంబరం. ముక్కలన్నీ ఆమె కొట్లోవే. సంఘ పెద్ద జోసెఫ్ మాస్టారు, రిటైరైన హెడ్మాస్టరు, ముందు కనుబొమలు ముడేశాడు. "చర్చా, స్కూలు డ్రిల్లా?" అన్నాడు. తర్వాత ఆయన భార్యే వచ్చి వంకాయ రంగు ముక్క పట్టుకెళ్ళింది.

ఫిబ్రవరిలో ఫొటో తీశారు. ఆ పొద్దున్న చర్చి ముందున్న కుళాయి కారి, పెద్దవాళ్ళు కూచోవలసిన చోట బురద అయింది. కుళాయి బాగుచేసేవాణ్ణి పిలిచే వ్యవధి లేదు. ఆనంద్ పాల్ కెమెరా పక్కన పెట్టి, పైపు మరకి చుట్టే తెల్ల టేపు ఒక చుట్ట తెప్పించి, తనే కూచుని చుట్టాడు. కారడం ఆగేదాకా చుట్టాడు.

"కుళాయికి తలపాగా కట్టారేంటండీ!" అంది మార్తమ్మ. అందరూ నవ్వారు.

"ఆ కుళాయి ఫొటోలో పడకుండా చూడవయ్యా పాలూ" అన్నాడు జోసెఫ్ మాస్టారు.

"దాన్ని తప్పిస్తే చివర నలుగురు తెగిపోతారండీ."

ముందు వరస మధ్య కుర్చీలో ఇమ్మానుయేలు తాతని కూచోబెట్టారు. కాలవ లాకుల దగ్గర తలుపులెత్తే లస్కరుగా చేసి దిగినవాడు. పాత ఫొటోలో ఉండి ఇంకా ఊళ్ళో మిగిలిన మనిషి ఆయనొక్కడే. అందులో కుర్రాడు, వెనక ప్రహరీ గోడ మీద నిలబడి ఉంటాడు. కుర్చీలో సర్దుకుంటూ, "అప్పుడు నన్ను గోడెక్కించారు. ఇప్పుడు కుర్చీ ఎక్కించారు. మూడో ఫొటోకి ఎక్కడికెక్కిస్తారో మరి" అన్నాడు. ఆ మాటకి నూటయాభై మందీ ఘొల్లుమన్నారు. ఆ నవ్వు ఇంకా మొహాల మీద ఉండగానే ఆనంద్ పాల్ నొక్కాడు.

ఆ నెల తిరక్కుండానే తాత పోయాడు.

మొదటి ప్రింటు చూసి జోసెఫ్ మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "సంఘం మొత్తానికి కామెర్లొచ్చినట్టుందేంటయ్యా?"

నిజమే. మనుషులు పసుపు. చర్చి గోడ పసుపు. కనకాంబరం ఇటుకరాయిలా ఉంది. మావిడిచిగురు ఎండుటాకయింది. వంకాయ రంగుని ఏమనాలో మార్తమ్మకే తెలియలేదు. అలాంటి తాను ఆమె కొట్లో లేదు.

"మళ్ళీ తీద్దామా?" అన్నారెవరో.

మళ్ళీ తీస్తే మధ్య కుర్చీలో ఎవరు కూచుంటారు?

"పోనీ నలుపూ తెలుపూ చేసెయ్" అన్నాడు మాస్టారు, మెత్తగానే. ఆయన చెడ్డగా అనలేదు. "పాతదాని పక్కన ఇదీ అలాగే ఉంటుంది. తాత ఉంటాడు, అందరూ ఉంటారు. ఈస్టరు నాటికి గోడకెక్కాలి పాలూ. ఆ లోపు రంగు కుదిరితే రంగు. లేకపోతే అదే."

ఆనంద్ పాల్ తలూపబోయాడు. మార్తమ్మ అడ్డొచ్చింది.

"కుదురుతుంది మాస్టారూ. నలుపు మాటెత్తకండి. మళ్ళీ యాభై ఏళ్ళకి ఏ కోడలో దీని ముందు నిలబడి, అవునత్తయ్యా అని అబద్ధం చెప్పాలా?"

ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు. ఆనంద్ పాల్‌కి అయింది.

మర్నాటి నుంచి ప్లైవుడ్ చెక్కకి అటు ఒకరూ ఇటు ఒకరూ కాకుండా ఇద్దరూ ఒకే వైపు కూచున్నారు. పగటి వెలుతుర్లోనే పని. మార్తమ్మ నాలుగు ముక్కలూ ఒళ్ళో పెట్టుకునేది. ఆనంద్ పాల్ అంకె మార్చేవాడు, ఫొటో మళ్ళీ వండేవాడు. తెరని నమ్మొద్దని చైతన్య ఏలూరు నుంచి సన్నటి ప్రింటు పట్టీలు తీసి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపేవాడు. వెక్కిరింపు వెక్కిరింపే, సాయం సాయమే అతనికి. పట్టీ వెనక ఏదో ఒకటి రాసేవాడు. "ఇవాళ కామెర్లు తగ్గి జలుబు చేసింది." "ఇవాళ మాస్టారు బాగున్నారు, మిగతావాళ్ళు పోయారు."

కనకాంబరం దారికొస్తే వంకాయ పారిపోయేది. వంకాయని పట్టుకొస్తే తాత మొహం ఆకుపచ్చబడేది.

"మోసు మేత ఎక్కువైంది, తగ్గించండి" అనేది మార్తమ్మ. అతను అడుగు పొర అంకె తగ్గించేవాడు.

"ఇప్పుడు బొచ్చె బలిసింది."

"నీ చెరువు నాకు అంతు చిక్కట్లేదే."

"నా చెరువు కాదు, మీ చెరువు. కొన్నది మీరు."

అలా ఈస్టరుకి వారం ముందొచ్చే మట్టలాదివారం దగ్గరికొచ్చేసింది. ఆనంద్ పాల్ మాట్లాడ్డం పూర్తిగా మానేశాడు. భోజనం దగ్గర ఒకసారి మాత్రం, "తొమ్మిది అంకెల్లో తప్పుంటే ఏదో ఒక రంగన్నా నిలబడాలి కదా. ఒక్కటీ నిలబడట్లేదంటే, తప్పు వాటికంటే ముందెక్కడో ఉంది" అన్నాడు. అని, అన్నం మధ్యలో లేచి వెళ్ళిపోయాడు.

మట్టలాదివారం మర్నాడు, సోమవారం మధ్యాహ్నం, లక్ష్మీప్రసన్న అనే టీచరమ్మ కొట్టుకొచ్చింది. తెల్ల చీర తెచ్చి, దానికి తెల్ల రవిక ముక్క ఇమ్మంది.

"తెలుపుకి తెలుపే కదండీ, ఏదో ఒకటి ఇచ్చేయండి."

మార్తమ్మ నవ్వి తెల్ల తానులు ఒక్కొక్కటే బల్ల మీద వేసింది. "అన్నిటికంటే కష్టం అదేనమ్మా. ఎరుపుకి ఎరుపు కళ్ళు మూసుకుని ఇస్తాను. తెలుపుకే ఇబ్బంది. ఇదిగో ఇది పాల తెలుపు, కాస్త పసుపు వైపు ఒరుగుతుంది. ఇది ముత్యం, బూడిద వైపు. ఇది మల్లెపూవు, నీలం వైపు. నిటారుగా నిలబడ్డ తెలుపు అంటూ..."

మాట అక్కడ ఆగిపోయింది. చేతిలో తాను చేతిలోనే ఉంది.

"ఏవండీ!" అని పిలిచింది చెక్క మీద కొట్టి. "ఆ ఫొటోలో తెలుపు అని దేన్ని చూపించారు మీరు?"

"నీ చీరనే" అంది అటువైపు గొంతు.

"ప్రతిసారీ?"

"ప్రతిసారీ. అంతమందిలో నీ చీర కంటే తెల్లనిది ఏముంది?"

అంతమంది ఆడవాళ్ళు పాతికేళ్ళుగా ఒప్పుకోనిది ఆయన ఒక్క మాటలో ఒప్పుకున్నాడు. మార్తమ్మకి ఒక్క క్షణం గుండె నిండింది. ఆ క్షణం కాగానే తాను బల్ల మీద పడేసి స్టూలు మీద కూచుంది. నూరేళ్ళ పండగ కదాని ఆ రోజు నీలిమందులో రెండుసార్లు ముంచింది ఆ చీరని. అరచేతి గీతలు అసలు కనపడలేదు. నీలం వైపు అంతగా ఒరిగిన బట్టని ఇదే తెలుపు అని చూపిస్తే, ఆ సాఫ్ట్‌వేరు పాపం ఏం చేస్తుంది? ఆ నీలాన్ని చంపడానికి సంఘం మొత్తం మీద పసుపు పోసింది.

"టీచరుగారూ, ఒక్క నిమిషం కూచోండి. తేడా నా చీరలో ఉంది" అంది. టీచరమ్మ తన చీర వైపు చూసుకుంది.

ఆనంద్ పాల్ ఇటువైపు వచ్చాడు. మార్తమ్మ చెప్పింది. అతను విన్నాడు. "మరి ఇంకెవరి చీర చూపించను?" అన్నాడు.

"ఎవరిదీ వద్దు. అందరం నీలం పెట్టినవాళ్ళమే. నాదొకటి ఎక్కువ."

"గోడ?"

"సున్నంలో కూడా నీలం కలిపారు. నేనే దగ్గరుండి కలిపించాను."

"తాత పంచె?"

"కాలవ నీళ్ళలో ఉతుక్కునేవాడు. ఒండ్రుమట్టి రంగు."

మార్తమ్మకే ముందు తట్టింది. పరుగున చెక్క అవతలికి వెళ్ళి, కెమెరా సంచీ బోర్లించింది. బ్రష్షూ, బ్యాటరీలూ, వాటి మధ్యలోంచి ఆ రోజు మిగిలిన టేపు చుట్ట దొర్లింది. రెండు జానెలు లాగి, మడతలు పెట్టి, గుమ్మం దగ్గర వెలుతుర్లో తెల్ల తానుల వరస మీద పరిచింది. పాల తెలుపు పక్కన చూసింది. ముత్యం పక్కన చూసింది. మల్లెపూవు పక్కన చూసింది. టీచరమ్మ కూడా వంగి చూసింది.

"ఇది ఏ వైపుకీ ఒరగలేదండీ" అంది మార్తమ్మ నెమ్మదిగా. "నిటారుగా ఉంది."

ఆనంద్ పాల్ కంప్యూటర్ ముందు కూచున్నాడు. ఫొటో అంచున, తెగిపోకూడదని ఉంచిన ఆ నలుగురి పక్కన, కుళాయి. దగ్గరికి చేస్తూ పోయాడు. వేరే కెమెరా అయితే అక్కడ తెల్ల చుక్క ఉండేది. ఇందులో టేపు చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కిన గీతలు కూడా ఉన్నాయి. నీడ పడని ఒక చుట్టు చూసి, ఇదీ తెలుపు అని చూపించాడు. మార్చి మార్చి పాడుచేసిన తొమ్మిది అంకెల్నీ చెరిపేసి, సాఫ్ట్‌వేరుతో వచ్చిన వాటినే మళ్ళీ పెట్టాడు. నొక్కాడు.

ఆ పాత కంప్యూటరు కాసేపు గురకపెట్టింది.

కనకాంబరం వచ్చింది. ముందు అదే వచ్చినట్టు అనిపించింది మార్తమ్మకి. పాత పేట ఆడవాళ్ళందరి మీదా పూలబుట్ట తిరగబోసినట్టు. తర్వాత నెమలికంఠం. మావిడిచిగురుకి ప్రాణం వచ్చింది. తాత మొహం మీద కాలవ గట్టున ఎండకి కాగిన నలుపు, పండిన గడ్డం, ఆ గడ్డం కింద నవ్వు. ఒండ్రుమట్టి రంగు పంచె ఒండ్రుమట్టి రంగుగానే ఉంది.

వంకాయ ఒక్కటి ఇంకా కాస్త నీలం వైపు చూస్తోంది. మార్తమ్మ ముక్క తీసి తెర పక్కన పెట్టింది.

"బొచ్చె మేత చిటికెడు తగ్గించండి."

తగ్గించాడు. వంకాయ వచ్చి కూచుంది. ఈసారి ఇంకేదీ పారిపోలేదు.

"నాకు చేపలెందుకండీ, రవిక ముక్క ఇవ్వండి" అంది టీచరమ్మ. ఇద్దరూ నవ్వారు. ఆనంద్ పాల్ నవ్వు ఈసారి కళ్ళదాకా వచ్చింది.

ఆమె వెళ్ళాక అతను తెర మీద ముందు వరసలో ఒకచోట వేలు పెట్టాడు. మార్తమ్మ చీర. చుట్టూ ఉన్న తెల్లచీరల మధ్య అది లేత నీలంగా, ఆకాశం నీడ పడ్డట్టు ఉంది.

"నీదొక్కటీ తెల్లగా చేసేస్తాను. ఐదు నిమిషాల పని. ఎవరికీ తెలీదు."

మార్తమ్మ ఆ చీర వంక చాలాసేపు చూసింది. పాతికేళ్ళ తెలుపు అది. అత్తగారి తెలుపు.

"వద్దండీ" అంది. "కనకాంబరం నిజమని నేను ఒట్టేసి చెప్పాలంటే, పక్కనున్న నా నీలం కూడా నిజమవ్వాలి కదా."

పెద్ద ప్రింటు చైతన్య తనే ఏలూరు నుంచి జీపులో తెచ్చాడు. దింపేముందు ఆనంద్ పాల్‌ని పక్కకి పిలిచి, "ఆ వంకాయ అంకెలు నాక్కూడా ఇవ్వండి పాల్‌గారూ" అన్నాడు. "కొల్లేట్లో నానబెట్టినవి నీకెందుకయ్యా?" అన్నాడు ఆనంద్ పాల్. ఇచ్చాడు.

ఈస్టరు ఆరాధన అయ్యాక సంఘమంతా గోడ దగ్గర మూగింది. పాతదాని పక్కన కొత్తది. జోసెఫ్ మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని, ఒకప్పుడు పరీక్ష పేపర్లు చూసినట్టు ఒక అంచు నుంచి మొదలుపెట్టి రెండో అంచుదాకా చూశాడు. తాత దగ్గర ఆగాడు. తన భార్య రవిక దగ్గర ఆగాడు. అంచు చేరాక ఆయన గొంతు వినపడింది.

"అన్నీ బాగున్నాయి గానీ, ఈ కుళాయిని తీసేయలేదేంటయ్యా?"

"దాని జోలికెళ్ళకండి మాస్టారూ" అంది మార్తమ్మ. "ఆ ఫొటోకి పెద్దమనిషి అదే."

అప్పటికే ఆడవాళ్ళు తమ తమ పేటలు వెతుక్కుంటున్నారు. "ఇదుగో మా నెమలికంఠం!" "మా చిగురు చూడండి, ఎంత లేతగా ఉందో!" ఆ సందట్లో ఎవరో గట్టిగా అన్నారు.

"మార్తమ్మొదినా! నీ చీరకి నీలం ఎక్కువైపోయిందే!"

అంతా అటు తిరిగారు. పాతికేళ్ళ కసి అందరి మొహాల్లోనూ తియ్యగా విచ్చుకుంది. మార్తమ్మ కొంగు భుజం మీదికి సర్దుకుంది.

"రెండుసార్లు ముంచాన్లే. నూరేళ్ళ పండగ మరి. ఉన్నది ఉన్నట్టు పడింది. మా ఆయన తీసిన ఫొటో అది."

జనం పలచబడ్డాక ఆమె సంచీలోంచి కనకాంబరం ముక్క తీసింది. కొత్త ఫొటోలో పాత పేట రవికల పక్కన పెట్టి చూసింది. తర్వాత పాత ఫొటో దగ్గరికి జరిగి, మూడో వరసలో కొత్త పెళ్ళికూతురి బొగ్గు రవిక పక్కన అదే ముక్క ఆనించింది.

"అవునత్తయ్యా" అంది.

ముక్క పట్టుకుని ఎండలోకి వెళ్ళి చూడవలసిన అవసరం లేకపోయింది.